వరుడి తరఫు జన్యువుకు మర్యాద తక్కువైందట!

కడుపుతో ఉన్న కోడలికి రక్తపోటు పెరిగితే మన ఇళ్ళలో విచారణ ఎంత చురుగ్గా ముగుస్తుందో న్యాయస్థానాలు చూసి నేర్చుకోవాలి. ఉప్పు మానలేదు, ఉద్యోగమూ మానలేదు, గ్రహణం నాడు కూరగాయలు తరిగింది, వాళ్ళమ్మకూ ఇలాగే అయిందట. తీర్పు సిద్ధం. అబ్బాయిని సాక్షిగానైనా పిలవరు.

ఇంత చక్కటి వ్యవస్థను కేంబ్రిడ్జి వాళ్ళు చెడగొట్టారు. గర్భిణులకు రక్తపోటు పెంచి, ముదిరితే గుర్రపువాతానికి దారితీసే ప్రీ ఎక్లాంప్సియా అనే జబ్బు మీద పనిచేస్తూ, 2004లో ఆష్లీ మాఫెట్ బృందం తల్లి జన్యువులనూ బిడ్డ జన్యువులనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క తల్లినే చూసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

గర్భాశయాన్ని పెళ్ళివారి విడిది అనుకోండి. వచ్చి దిగేది మాయ (ప్లాసెంటా) కణాలు. వాటి ఒంటి మీద హెచ్ఎల్ఏ-సి అనే గుర్తు ఉంటుంది. అందులో సగం తండ్రి వంశానిదే, కాబట్టి మగపెళ్ళివారి దర్జాతోనే దిగుతాయి. గుమ్మంలో ఎదురయ్యేవి తల్లి తరఫు ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే రోగనిరోధక కణాలు. పేరుకు సహజ హంతకులు గానీ, ఇక్కడ వాటి పని మర్యాదలు చూడటం. మాయ కణాలతో కలిసి తల్లి ధమనులను వెడల్పు చేయిస్తాయి. వచ్చినవారి గుర్తును ఎన్‌కే కణాలు చదివేది ‘కిర్’ జన్యువుల సాయంతో. అయితే తల్లికి ఆ ‘కిర్’ జన్యువులు రెండు వైపులా ‘ఏ’ రకమే అయి, బిడ్డ కణాలు హెచ్ఎల్ఏ-సిలో సి2 అనే రకం గుర్తు చూపిస్తే, ఎన్‌కే కణాలకు ‘ఆగు’ అనే ఆజ్ఞ బలంగా అందుతుంది. మర్యాదలు తగ్గుతాయి. ధమనులు చాలినంత వెడల్పు కావు, మాయకు రక్తం చాలదు, తల్లికి రక్తపోటు పెరుగుతుంది. ఆ సి2 తండ్రి ఇచ్చినదైతే ముప్పు ఇంకా ఎక్కువట! పోనీ తల్లిది ‘బి’ రకమైతే నిశ్చింతా అంటే, అప్పుడు మర్యాదలు శ్రుతిమించి బిడ్డ మరీ బరువుగా పుట్టే అవకాశం ఉందని 2014లో అదే బృందం చెప్పింది. ఆడపెళ్ళివారు ఎలా చేసినా తప్పే అన్న సంగతి జన్యువులకూ తెలుసన్నమాట.

కనుక ఇకపై పెళ్ళిచూపులకు వచ్చే అబ్బాయి ఎత్తు, జీతం, ప్యాకేజీ పక్కన హెచ్ఎల్ఏ-సి రకం కూడా రాయాలని ప్రతిపాదిస్తున్నాను. అతనికి అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చినవి రెండూ సి2 అయితే కట్నం ఊసెత్తకూడదు. ఈ జంట జన్యువులు ఉన్నా హాయిగా కన్నవాళ్ళే ఎక్కువ కదా, ఇది ముప్పు పెంచేదే తప్ప రాసిపెట్టినది కాదు కదా అని డాక్టర్లు అడ్డుపడతారు. నిజమే. అంత నిక్కచ్చితనం జాతకాలను ఎవరు అడిగారు?

ఈలోగా వ్యాపారం ఆగదు. గర్భాశయంలోని ఎన్‌కే కణాలు వేరు, రక్తంలో తిరిగేవి వేరు. చేతి నరంలోంచి తీసి లెక్కపెడితే గర్భం సంగతి తెలియదు. అయినా లెక్కపెట్టి, అంకె ఎక్కువుందని భయపెట్టి, ఖరీదైన మందు ఎక్కించేవారున్నారు. ఆ సూది ఎవరి చేతికి గుచ్చుతారని అడగకండి. సి2 దాత బయట కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు.