ఇల్లరికం వచ్చిన సిలికాన్ అల్లుడు గారికి

మహారాజశ్రీ సిలికాన్ బ్రెస్ట్ (రొమ్ము) ఇంప్లాంట్ అల్లుడు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఉత్తరాల మర్యాద. మీ విషయంలో ఆ మర్యాదకు కొంచెం ఖర్చవుతుంది. లోపల చిరిగిపోయినా మీరు కిక్కురుమనరు. చాలాసార్లు నొప్పి ఉండదు, ఆకారం మారదు, అద్దంలో అంతా సవ్యంగానే కనబడుతుంది. మీ క్షేమం తెలియాలంటే స్కానింగే దిక్కు. పెట్టించుకున్న ఐదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో తీయించుకోమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా. అందం కోసం చేయించుకున్న ఆపరేషన్‌కు మన దగ్గర ఆరోగ్య బీమా వాళ్లు రూపాయి విదల్చరు. కుశలప్రశ్నకు ఇంత బిల్లు పడే అల్లుణ్ణి మా ఇంటావంటా చూడలేదు.

ముందే ఒక మాట. క్యాన్సర్‌కు రొమ్ము పోగొట్టుకున్న ఆడవాళ్లకు మీరు చేసే సాయానికి నేను అడ్డు చెప్పను. అన్నీ తెలిసి, కావాలని మిమ్మల్ని తెచ్చుకునేవారినీ వెక్కిరించను. ఎవరి దేహం వారిది. నా తగవంతా మీతోనూ, ‘ఒక్కసారి పెట్టించుకుంటే జీవితాంతం నిశ్చింత’ అని మిమ్మల్ని అంటగట్టే మధ్యవర్తులతోనూ.

మన ఇళ్లలో సంబంధం కలుపుకోవాలంటే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు తవ్వుతారు. మీ వంశంలో తవ్వితే బయటపడేవి ఏమంత గొప్పవి కావు. పారఫిన్ మైనం ఎక్కించిన రోజులున్నాయి, స్పాంజి కుక్కిన రోజులున్నాయి, ద్రవ సిలికాన్‌ను నేరుగా సూదితో పొడిచిన రోజులున్నాయి. ఆ తర్వాత సంచీలో సర్దుకుని మర్యాదస్తుల వేషంలో మీరు వచ్చారు. పెళ్లిచూపులకు కూర్చున్నది ఎస్మరాల్డా అనే ఆడకుక్క. కొద్ది వారాలకే అది కుట్లు కొరుక్కోవడం మొదలుపెడితే మిమ్మల్ని బయటికి తీశారు. నిజం చెప్పాలంటే, ఈ సంబంధం గురించి నోరు తెరిచి అభిప్రాయం చెప్పిన మొదటి ప్రాణి అదే.

1962లో హ్యూస్టన్‌లోని జెఫర్సన్ డేవిస్ ఆసుపత్రిలో అసలు ముహూర్తం. డాక్టర్లు థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో. టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆవిడ రొమ్ముల మీది పచ్చబొట్టు తీయించుకుందామని వెళ్లింది. ఇలా ఒక కొత్త వస్తువు ఉంది, పెట్టించుకుంటారా అని వాళ్లు అడిగారు. తనకు బాధ చెవులతోనని, అవి పక్కలకు పొడుచుకొచ్చాయని ఆవిడ చెప్పింది. సరే, చెవులూ సరిచేస్తాం అన్నారు. చెవుల కోసం కుదిరిన బేరంలో మీరు కొసరుగా ఇల్లరికం వచ్చారన్నమాట.

1976లో అమెరికా వైద్య పరికరాలకు చట్టం తెచ్చింది. అప్పటికే బజారులో ఉన్నవాళ్లను కదిలించలేదు. పాత అల్లుళ్లకు ప్రశ్నలుండవు కదా. మీరు సురక్షితమని ఋజువు చూపించమని కంపెనీలను గట్టిగా అడగడానికి 1991 వచ్చింది. అంటే కాపురం మొదలై మూడు దశాబ్దాలు కావస్తుండగా ఎవరికో జాతకం అడగాలని తోచింది. 1992లో ఎఫ్‌డీఏ అధిపతి డేవిడ్ కెస్లర్, అందం కోసం మిమ్మల్ని వాడటాన్ని ఆపించారు. దావాల దెబ్బకు 1995లో మిమ్మల్ని తయారుచేసిన డౌ కార్నింగ్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి. 1999లో అమెరికా వైద్య నిపుణుల సంఘమొకటి సాక్ష్యాలన్నీ తిరగేసి, మీ వల్ల లూపస్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులు వస్తాయనడానికి ఆధారం లేదని తేల్చింది. ఇంతవరకే మీకు నచ్చుతుంది. అదే నివేదిక, మీతో అసలు గొడవంతా మీరున్న చోటే ఉందని కూడా రాసింది: పగలడం, బిగుసుకోవడం, మళ్లీ మళ్లీ కత్తి. 2006లో మీరు మళ్లీ గడప తొక్కారు.

ఆ బిగుసుకోవడం గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం. మీరు లోపల అడుగుపెట్టగానే దేహం చేసే మొదటి పని మీ చుట్టూ గోడ కట్టడం. పరాయి వస్తువు ఏది దూరినా పీచులాంటి పొర అల్లడం దాని ధర్మం. ఆ పొర పలచగా ఉన్నంతకాలం కాపురం సాఫీగా సాగుతుంది. కొందరిలో అది దళసరెక్కి, బిగిసి, మిమ్మల్ని నలువైపులా పిండుతుంది. అప్పుడు మీరు గుండ్రంగా ముడుచుకుని, పైకి జరిగి, రాయిలా కూర్చుంటారు. డాక్టర్లు దీన్ని కాప్స్యులర్ కాంట్రాక్చర్ అంటారు, మేము అలకపాన్పు ఎక్కడం అంటాము. దానికి నాలుగు మెట్లున్నాయి, బేకర్ గ్రేడులని పేరు. మొదటి మెట్టు మీద మీ ఉనికే తెలియదు. రెండో మెట్టులో చేతికి కాస్త గట్టిగా తగులుతారు. మూడోదానిలో వంకర కంటికే కనిపిస్తుంది. నాలుగో మెట్టులో నొప్పి కూడా. చెయ్యెత్తి జడ వేసుకోవాలన్నా, బోర్లా పడుకోవాలన్నా, పరుగెత్తుకొచ్చిన పిల్లవాణ్ణి గుండెకు హత్తుకోవాలన్నా మీ అనుమతి కావాలి.

మామూలు అల్లుడైతే ఉంగరమో స్కూటరో చేతిలో పెడితే పాన్పు దిగుతాడు. మీరు దిగాలంటే మళ్లీ మత్తుమందు, మళ్లీ కోత. మీ స్థానంలో వచ్చే కొత్తాయన అలగడని హామీ ఏమీ లేదు. అందం కోసం మిమ్మల్ని పెట్టించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి పదేళ్లలోపే తీయించాల్సి వస్తుందని ఎఫ్‌డీఏ 2011లోనే చెప్పింది. జామాతా దశమగ్రహః అన్న పెద్దలు మిమ్మల్ని చూడకుండానే అన్నారు, పాపం.

మామోగ్రామ్ గదిలో మీ పెద్దరికం చూసి తీరాలి. మామూలుగా నాలుగు చిత్రాలతో అయ్యే పని మీరుంటే ఎనిమిదవుతుంది. ఎక్స్‌రేలో మీరు తెల్లటి ముద్దలా నిలబడి మీ వెనకదంతా కప్పేస్తారు. కాబట్టి టెక్నీషియన్ మిమ్మల్ని వేళ్లతో ఛాతీ వైపు నెట్టి, ముందున్న కణజాలాన్ని లాగి, పలకల మధ్య నొక్కి మళ్లీ తీయాలి. ఊపిరి బిగబట్టి నిలబడేది మాత్రం మీరు కాదు. చనుమొన స్పర్శ పోవడం, పాలివ్వడంలో ఇబ్బంది రావడం గురించి బొత్తిగా అడగను, మీకు మొహమాటం.

మీ జ్ఞాతుల సంగతి ఎత్తక తప్పదు. దక్షిణ ఫ్రాన్సులో పీఐపీ అనే కంపెనీ, దాని యజమాని జాన్ క్లోద్ మాస్. వైద్యానికి ఆమోదించిన జెల్‌కు డబ్బు దండగని, పారిశ్రామిక అవసరాలకు వాడే సిలికాన్ నింపి లోకం మీదికి వదిలాడు. ఈ పెళ్లికి పేరయ్య జర్మనీకి చెందిన తనిఖీ సంస్థ టీయూవీ రైన్‌లాండ్. వాళ్లు ముందుగా కబురు పెట్టి తనిఖీకి వచ్చేవారు, చూపించిన కాగితాలు చూసి యోగ్యతాపత్రం ఇచ్చేవారు. తామూ మోసపోయామని తర్వాత వాదించారు. 2010లో గుట్టు రట్టయ్యేసరికి మూడు నాలుగు లక్షల మంది ఆడవాళ్ల ఒంట్లో ఆ సంచులున్నాయి. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రభుత్వం తమ దేశంలోని ముప్పై వేల మందిని తీయించుకోమంది. మాస్‌కు 2013లో మార్సే కోర్టు నాలుగేళ్ల జైలు వేసింది. ముప్పై వేల మందికి గాను నాలుగేళ్లు. లెక్క మీరే వేసుకోండి.

ఇక గరుకు అల్లుళ్లు. అలకలు తగ్గుతాయని, పక్కకు దొర్లకుండా పట్టు చిక్కుతుందని మీలో కొందరి ఒంటిని గరుకుగా తయారుచేశారు. పట్టు చిక్కింది. దాంతోపాటు మీ చుట్టూ ఉన్న పొరలో రోగనిరోధక కణాలకు వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ కూడా బయటపడింది, లింఫోమా. ఏళ్లు గడిచాక ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి నీరుపట్టి ఉబ్బడం దాని సాధారణ లక్షణం. 2019 జులై నాటికి ప్రపంచం మొత్తమ్మీద 573 కేసులు, 33 మరణాలు లెక్కకొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అల్లర్గన్ కంపెనీ వస్తువులతో ముడిపడినవి కావడంతో ఆ గరుకు రకాన్ని వెనక్కి తీసుకోమని ఎఫ్‌డీఏ కోరింది, కంపెనీ తీసుకుంది. అరుదైనదే, తొందరగా పట్టుకుంటే మిమ్మల్నీ పొరనూ కలిపి తీసేయడంతో చాలామందికి నయమవుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదని కూడా చెప్పారు. ఆ మాట విని ఆ రాత్రి ఎందరు నిద్రపోయారో నాకు తెలియదు.

నీరసం, కీళ్లనొప్పులు, మతిమరుపు అంటూ మిమ్మల్ని పెట్టించుకున్న ఆడవాళ్లు డాక్టర్ల దగ్గరికి వెళితే ‘అంతా మీ మనసులో ఉందమ్మా’ అని ఏళ్ల తరబడి పంపేశారు. ఈ బాధలను తేల్చే పరీక్ష లేదు, కారణమూ తేలలేదు. మిమ్మల్ని సాగనంపాక తగ్గిందని కొందరు చెబుతున్నారు.

మొన్నామధ్య హైదరాబాదులో మా బాబాయి కూతురికి తోడుగా ఒక క్లినిక్‌కు వెళ్లాను. పేరెందుకు లెండి. గాజు బల్ల మీద మీరు వరుసగా కొలువుతీరి ఉన్నారు, 275, 300, 325 అని అంకెలతో. చేతిలోకి తీసుకుంటే చల్లగా, నొక్కితే మళ్లీ యథాస్థితికి. వచ్చినవాళ్లంతా నొక్కి నొక్కి మీ అంచున జిడ్డు వేలిముద్రలు మెరుస్తున్నాయి. కౌన్సెలర్ అమ్మాయి బిగుతు బనీనులో మిమ్మల్ని దూర్చి మా చెల్లెల్ని అద్దం ముందు నిలబెట్టింది. సైజుల గురించి చాలాసేపు మాట్లాడింది, వాయిదాల గురించి ఇంకాసేపు. చివరికి ‘జీవితకాల వారంటీ మేడమ్’ అంది.

‘అంటే జీవితాంతం పగలదా అమ్మా?’

‘పగిలితే కంపెనీ కొత్తది ఉచితంగా ఇస్తుంది మేడమ్.’

‘పాతది తీసి కొత్తది పెట్టే ఆపరేషన్?’

‘అది ప్యాకేజీలో రాదు మేడమ్.’

‘అక్కా, ఊరుకో’ అని మా చెల్లెలు నా మోచెయ్యి గిల్లింది. తర్వాత అంగీకారపత్రం వచ్చింది. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కులు. ఆ అమ్మాయి వేలు టిక్కు నుంచి టిక్కుకు గెంతుతుంటే మధ్యలో చిన్న అక్షరాల్లో పగులు, బిగుసుకోవడం, లింఫోమా, మళ్లీ ఆపరేషన్, అన్నీ ఉన్నాయి. నేను పైన రాసినదాంట్లో రహస్యమేమీ లేదు అల్లుడు గారూ, అంతా ఆ వేలి కిందే ఉంది.

మీరు జీవితకాలం ఉండే వస్తువు కాదని, ఎంత కాలం ఉంటే అంత ముప్పు పెరుగుతుందని నల్ల గీతల చట్రంలో అచ్చువేయమని ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ఆదేశించింది. డాక్టరు ముప్పుల జాబితాలో ఒక్కొక్క అంశం వివరించి సంతకం తీసుకోవాలంది. 1962 నుంచి చూస్తే 59 ఏళ్లు. మా చెల్లెలు ఆలోచిస్తానని లేచి వచ్చింది. ఏం చేస్తుందో ఆమె ఇష్టం.

ఇట్లు,
అత్తవారింటి తరఫున ఒక ఆడపడుచు

తా.క.: మీతో పాటు కంపెనీ పేరు, రకం, సీరియల్ నంబరు ఉన్న చిన్న కార్డు ఒకటి రావాలి. రేపు మీ రకాన్ని వెనక్కి పిలిస్తే లోపలున్నది గరుకాయనో నున్ననాయనో చెప్పేది అదే. అడిగితే ఆ కౌన్సెలర్ ‘మా ఫైల్లో భద్రంగా ఉంటుంది మేడమ్’ అంది. క్లినిక్‌లు ఇల్లు మారతాయి, మూతపడతాయి. ఒకవేళ మా ఇంటికే రావడం జరిగితే ఆ కార్డు అమ్మాయి చేతికిచ్చాకే లోపలికి రండి.