అట్టపెట్టె మీది ఆంపియర్లను చూసి చార్జర్ కొనకండి

"చార్జర్ పాడైంది మామా, దానంతట అదే ఆగుతున్నది, మళ్లీ మొదలవుతున్నది" అంటూ మా అక్క కొడుకు మొన్న ఒక సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. హనుమకొండలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతూ, ప్రాజెక్టు కోసం నాలుగు రెక్కల డ్రోన్ కట్టుకున్నాడు. చార్జర్‌లో ఏ లోపమూ లేదు. దానికి కరెంటు అందిస్తున్నది సీసీ కెమెరాల కోసం అమ్మే 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్. కొన్నచోట అడిగితే "ఇదే సరిపోతది తమ్మీ, అందరూ ఇదే తీసుకపోతున్నరు" అన్నారట.

ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. లిథియం బ్యాటరీ ప్యాకులు వాడేవాళ్లలో చాలామంది చార్జర్‌ను ఆంపియర్లు చూసి, అడాప్టర్‌ను వోల్టులు చూసి కొంటున్నారు. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే వాట్ల లెక్క కొనేవాళ్లు వేయరు, అమ్మేవాళ్లు చెప్పరు. ఆ లెక్క ప్యాక్ దగ్గర మొదలై, చార్జర్ మీదుగా, గోడకున్న సాకెట్ వైపు నడవాలి. మనం సాకెట్ దగ్గర మొదలుపెట్టి, ప్యాక్ దగ్గరికి వచ్చేసరికి చతికిలబడుతున్నాము.

మావాడి ప్యాక్‌నే తీసుకుందాం. నాలుగు సెల్స్, 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఒక్కో లిపో (లిథియం పాలిమర్) సెల్ నిండితే 4.2 వోల్టులు, అంటే మొత్తం 16.8. దాన్ని గంటలో, అంటే 5 ఆంపియర్లతో నింపాలంటే చివరి దశలో 84 వాట్లు కావాలి. అతని చార్జర్ పెట్టె మీద "6 ఆంపియర్లు" అని పెద్ద అక్షరాలతోనూ, "50 వాట్లు" అని చీమ తలకాయంత అక్షరాలతోనూ అచ్చు వేసి ఉంది. యాభైని 16.8తో భాగిస్తే వచ్చేది మూడు ఆంపియర్లే, కనుక తెర మీద ఐదు పెట్టినా ఆరు పెట్టినా అది మూడు దగ్గరే ఆగిపోతుంది. ఇక ఆ 50 వాట్లు బయటికి రావాలంటే, లోపల వేడిగా పోయేది కలుపుకుని, దాదాపు 59 వాట్లు లోపలికి వెళ్లాలి. అడాప్టర్ ఇవ్వగలిగింది, దాని మీది మాట నిజమే అనుకున్నా, 60 వాట్లు. మన ఎండాకాలపు మధ్యాహ్నం, మూసిన గదిలో, చవక అడాప్టర్ ఆ చివరి వాట్ వరకూ గంటసేపు మోయగలదని అనుకోవడం అత్యాశ. భారం ఎక్కువైనప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, భారం తొలగగానే మళ్లీ లేస్తుంది. మావాడు చార్జర్ జబ్బు అనుకున్నది ఇదే.

చిన్న డ్రోన్ దగ్గర ఇది చికాకు మాత్రమే. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల దగ్గర డబ్బు నష్టం. వాటిలో వాడే ఆరు సెల్స్, 16000 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాక్‌ను గంటలో నింపాలంటే 16 ఆంపియర్లు, 25.2 వోల్టులు, అంటే 403 వాట్లు. చార్జర్ లోపలికి 470 పైచిలుకు. అదే శక్తిని 12 వోల్టుల మీద లాగితే దాదాపు 40 ఆంపియర్లు, 24 వోల్టుల మీదైతే 20. ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగను రెండు మీటర్లు లాగితే, పోనూ రానూ నాలుగు మీటర్ల రాగిలో, 40 ఆంపియర్ల దగ్గర దాదాపు రెండు వోల్టులు కరిగిపోతాయి. తీగ వేడెక్కడం వేరే సంగతి. నర్సంపేట వైపు మిర్చి తోటలో ఒక కుర్రవాడు ట్రాక్టర్ బ్యాటరీ మీదనే ఈ పని చేయబోయాడు. అటువంటి 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది కాగితం మీద 960 వాట్ అవర్లు; ఒక్క ప్యాక్ నింపడానికే, మొదట్లో ప్యాక్ వోల్టులు తక్కువ కనుక 470 కాకపోయినా, అందులో 418 పోతాయి. రెండో ప్యాక్ సగంలో ఉండగా చార్జర్ ఆగింది, సాయంత్రం ట్రాక్టర్ కూడా లేవలేదు.

పెట్టెల మీద దాచే మరో మాట, ఆ వాట్లు ఏ ఇన్‌పుట్ వోల్టు దగ్గర వస్తాయన్నది. లోపలికి 20 ఆంపియర్లకు మించి తీసుకోలేని చార్జర్, పైన 500 వాట్లని రాసినా, 12 వోల్టుల మీద 240 వాట్లు కూడా ఇవ్వదు. ఇంటి కరెంటు మీద 200 వాట్లు ఇచ్చే చార్జరే బయటి డీసీ సప్లై (అడాప్టర్ లాంటిది) మీద దానికి మూడింతలు ఇవ్వవచ్చు; ప్రకటనలో కనిపించేది ఆ పెద్ద అంకె. సరే 24 వోల్టులు కావాలి కదా అని పాత సర్వర్ కంప్యూటర్ల 12 వోల్టుల సప్లైలు రెండింటిని వరుసగా కలిపేవాళ్లకు ఒక మాట: వాటిలో సాధారణంగా మైనస్ తీగ లోపలే లోహపు పెట్టెకు, ఎర్తుకు కలిసి ఉంటుంది, కాబట్టి ఆ ఏర్పాటు గురించి తెలియకుండా కలిపితే ఒకటి నేరుగా షార్ట్ అవుతుంది. పాతిక శాతం అదనంగా మోయగల 24 వోల్టుల, 25 ఆంపియర్ల సప్లై ఒకటి కొనడమే నయం.

స్ప్రేయర్ పంపు చార్జర్‌ను లిథియం ప్యాక్‌కు తగిలించేవాళ్ల మీద మాత్రం నాకు కోపం కాదు, భయం. రెండూ "12 వోల్టులే కదా" అంటారు. సీసం బ్యాటరీ కోసం చేసిన ఆ చార్జర్ దాదాపు 14.4 వోల్టుల వరకు వెళ్తుంది. మూడు సెల్స్ లిపో ప్యాక్ 12.6 దాటకూడదు. సెల్‌కు 4.8 అంటే అది ఉబ్బడం, మండడం మధ్య దూరం చాలా తక్కువ.

మావాడికి ఇప్పుడు 12 వోల్టుల, 10 ఆంపియర్ల సప్లై ఇచ్చాను. చార్జర్ ఆగడం మానింది, కానీ 50 వాట్లదే కనుక ప్యాక్ నిండడానికి ఇంకా రెండు గంటల దాకా పడుతున్నది. పెద్ద చార్జర్ కావాలని వాళ్ల అమ్మను సతాయిస్తున్నాడు. ముందు కాగితం మీద ప్యాక్ నుంచి సాకెట్ దాకా లెక్క రాసి తెమ్మన్నాను, ఇంకా తేలేదు.