కత్తిరి ఎండలో రబ్బరు చక్రం

మే నెలలో చెన్నై మీద కురిసే వేడి అంతా వృథాగా పోతోందన్న బాధ మా బాబాయికి చాలా కాలంగా ఉంది. అగ్ని నక్షత్రం, అంటే ఇక్కడివాళ్లు కత్తిరి అని పిలిచే ఆ ఎండ, పెరంబూరులోని మా మిద్దె మీద ఊరికే పడి ఊరికే పోతుంటే, రైల్వే వర్క్‌షాపులో యంత్రాల మధ్య జీవితం గడిపి రిటైరైన మనిషికి అది సహించరాని దుబారాగా తోచింది. పోనీ సోలార్ పలకలు పెట్టించారా అంటే, అదీ లేదు. హోటలు సాంబారు పొట్లాలకు చుట్టి వచ్చే రబ్బరు బ్యాండ్లను పిన్ని ఏళ్ల తరబడి వంటింటి మేకుకు తగిలించి దాచిపెట్టింది. ఆయన కన్ను వాటి మీద పడింది.

ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది. బాగా సాగదీసిన రబ్బరు మాత్రం వేడికి ముడుచుకుంటుంది. రబ్బరులోని పొడవాటి అణుగొలుసులు సాగదీసినప్పుడు ఒక వరుసలో నిలబడతాయి గానీ, కాస్త వేడి తగిలిందంటే, ప్రార్థన ముగిసేలోగా వరుస తప్పే ఒకటో తరగతి పిల్లల్లా మళ్లీ చిందరవందర కావడానికి పెనుగులాడుతూ రెండు కొసలనూ దగ్గరకు లాగుతాయి. జాన్ గాఫ్ అనే ఇంగ్లండు పండితుడు 1805లోనే ఈ సంగతి ప్రకటించాడు. ఆయనకు చూపు లేదు. రబ్బరును చటుక్కున సాగదీసి పెదవికి ఆనించి, అది వెచ్చబడిందని కనిపెట్టాడు. 1859లో భౌతిక శాస్త్రవేత్త జౌల్ కొలతలు తీసి దాన్ని స్థిరపరిచాడు.

ఈ చరిత్ర చెప్పి ఊరుకుంటే బాగుండేది. బాబాయి ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి, తలకొక బ్యాండు ఇచ్చి, పెదవితో పరీక్షించమన్నారు. నా బ్యాండు వెచ్చబడిన మాట నిజమే గానీ, అంతకంటే ముందు ఇంగువ వాసన తెలిసింది. "ఎంగిలి పొట్లాల రబ్బర్లు నేను నోటికి తాకించనండీ" అని పిన్ని లేచిపోయింది. ఎలా సాగదీయాలో చూపించబోయిన బాబాయి బ్యాండు తెగి ఆయన పై పెదవికే తగలడంతో, ఆ పూట పాఠం అక్కడికి ఆగింది.

మర్నాడు వీధి చివరి పంక్చర్ షాపు నుంచి పాత సైకిల్ రిమ్ము ఒకటి వచ్చింది. దానికి స్పోకుల బదులు బిగువుగా లాగి కట్టిన రబ్బరు బ్యాండ్లు అమరాయి. ఒక వైపు బ్యాండ్లు వేడెక్కి ముడుచుకుంటే రిమ్ము ఆ వైపు ఇరుసుకు దగ్గరవుతుంది, ఎదుటి వైపు దూరమవుతుంది. దూరమైన వైపు బరువు మొగ్గి చక్రం తిరుగుతుంది. 1960ల తొలినాళ్లలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్మన్ కాలిఫోర్నియాలో తన విద్యార్థులకు వివరించిన యంత్రం ఇదేనని బాబాయి మాకు గర్వంగా చెప్పారు.

మిట్టమధ్యాహ్నం మిద్దె మీద నిలబెట్టిన ఆ యంత్రం అంగుళం కూడా కదలలేదు. కారణం చాలా సులభం. వేడిని పనిగా మార్చే ఉష్ణయంత్రానికి కావలసింది వేడి ఒక్కటే కాదు, వేడికీ చల్లదనానికీ మధ్య తేడా. కత్తిరిలో చెన్నై మిద్దె మీద ఆ రెండోది దొరకదు. చక్రమంతా సమానంగా మాడితే ఏ బ్యాండు ఏ బ్యాండును లాగాలి? బాబాయి వెంటనే పిన్ని కొత్త గొడుగు తెచ్చి సగం చక్రానికి నీడ పట్టమని నన్ను నిలబెట్టారు. ఎండ వైపు 60 డిగ్రీలు, నీడ వైపు 40 డిగ్రీలు ఉన్నాయనుకున్నా, ఏ లోపమూ లేని ఆదర్శ యంత్రం సైతం తీసుకున్న వేడిలో 6 శాతానికి మించి పనిగా మార్చలేదు. సాంబారు పొట్లాల బ్యాండ్ల సంగతి చెప్పనక్కరలేదు. నేను ఆ లెక్క చెబుతుండగానే చక్రం నెమ్మదిగా, బద్ధకంగా కదిలింది.

"తిరిగిందిరా!" అని బాబాయి పెట్టిన కేకకు పక్క మిద్దెలవాళ్లు కూడా తొంగిచూశారు.

సాగదీసి ఎండలో ఉంచిన సహజ రబ్బరుకు పగుళ్లు వస్తాయన్న విషయాన్ని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ముందు ఒక బ్యాండు టప్పున తెగింది. దాని భారం పక్కదాని మీద పడి అదీ తెగింది. ఆ తరువాత లెక్కపెట్టే వ్యవధి లేకపోయింది. బంధవిముక్తమైన రిమ్ము కిందికి దిగి, నిలువుగా దొర్లుతూ, పిన్ని పాత చీర మీద ఎండబెట్టిన సగ్గుబియ్యం వడియాల నడుమగా ఒక చక్కని బాట వేసి, పిట్టగోడకు తగిలి ఆగింది. ఆ రోజు జరిగిన యాంత్రిక పని మొత్తం అదే.

చెల్లాచెదరైన రబ్బరు ముక్కలను వడియాల్లోంచి ఏరే శిక్ష మా ఇద్దరికీ పడింది. రెండూ ఒకే రంగులో ఉండడం వల్ల, గట్టిగా నొక్కి చూస్తే తప్ప ఏది వడియమో తెలియలేదు. ఏరుతూనే బాబాయి 2014లో టెక్సస్ శాస్త్రవేత్తలు చేపల గాలానికి వాడే నైలాన్ తీగను స్ప్రింగులా మెలితిప్పి, వేడి తగిలితే ముడుచుకుని బరువులెత్తే కండరాలు తయారుచేసిన వైనం వర్ణించి, కాసిమేడు చేపల రేవుకు వెళ్లి ఆ తీగ ఒక చుట్ట తెమ్మని నాకు పురమాయించారు.

"వెళ్తే వెళ్లావు గానీ, వస్తూ వస్తూ రెండు కిలోల వంజరం కూడా పట్టుకురా నాయనా" అంది పిన్ని, "ఈ వడియాలు ఎలాగూ తినేలా లేవు."