‘స్నేహంగా’ అనడానికి నాలుగు మాటలు

ఇంగ్లీషు భాష మీద నాకు వ్యక్తిగతమైన కక్ష ఏదీ లేదు. ఇరవై ఏళ్లుగా దాని ఉప్పు తింటున్నవాణ్ణి. అయినా గత వారం జరిగిన ఒక సంఘటన తర్వాత, ఆ భాష ప్రవర్తన మీద విచారణ సంఘం వేయక తప్పదన్న నిర్ణయానికి వచ్చాను.

నా కింద పనిచేసే ఒక కుర్రాడి గురించి వార్షిక నివేదిక రాయాల్సి వచ్చింది. కుర్రాడు మంచివాడు. ఎవరు విసుక్కున్నా తను విసుక్కోడు. ‘అందరితో స్నేహంగా మాట్లాడతాడు’ అని తెలుగులో అనుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ ముక్కను ఇంగ్లీషులో పెట్టడానికి సాయంత్రమంతా పట్టింది.

తెలుగులో పని సులువు. మాట చివర ‘గా’ తగిలిస్తే చాలు, క్రియా విశేషణమై పనిలో చేరిపోతుంది. స్నేహంగా, సరదాగా, ఆప్యాయంగా, హుషారుగా. ‘గా’ ఎవరి గోత్రమూ అడగదు. ఇంగ్లీషులో ఆ ఉద్యోగం ‘లీ’ చేస్తుందని బడిలో చెప్పారు. నమ్మాను. ‘వార్మ్’కి తగిలిస్తే వార్మ్‌లీ, ‘చీర్‌ఫుల్’కి తగిలిస్తే చీర్‌ఫుల్లీ. సరేనని ‘ఫ్రెండ్’కీ తగిలించాను. ఫ్రెండ్లీ వచ్చింది. తీరా చూస్తే అది విశేషణం! వేషం ఒకరిది, కొలువు ఇంకొకరిది. లవ్లీ, లోన్లీ కూడా ఈ ముఠాలోవే.

అయితే దానికే మరో ‘లీ’ తగిలిద్దామని ‘ఫ్రెండ్లిలీ’ అని కొట్టాను. కంప్యూటర్ వెంటనే కింద ఎర్రగీత గీసింది. నిఘంటువు తీశాను. మాట నిక్షేపంలా ఉంది. కానీ బతికున్న మనిషి నోట దాన్ని విన్న పాపాన పోలేదు. పైకి అని చూద్దామని రెండు మూడు సార్లు ప్రయత్నించాను. పక్క గదిలోంచి మా ఆవిడ, ‘చంటిపిల్లలెవరైనా వచ్చారా?’ అని అడిగింది.

పట్టు వదలకుండా మాట మూలాలు తవ్వాను. అక్కడ శవం బయటపడింది. అతిశయోక్తి కాదు. ఈ ‘లీ’కి మూలం పాత ఇంగ్లీషులోని ‘లిచ్’. ఆ మాటకు దేహమనీ, శవమనీ కూడా అర్థం. ఇంగ్లండులో చర్చి ఆవరణ ముందు శవపేటికను కాసేపు దించుకునే ద్వారాన్ని ఇప్పటికీ లిచ్‌గేట్ అంటారు. స్నేహితుడి దేహం, అంటే రూపం, ధరించినది ఫ్రెండ్లీ అన్నమాట. ఆ రోజుల్లో విశేషణానికి ‘లిచ్’ ఉండేది, క్రియా విశేషణానికి చివర ఒక అచ్చు చేరి ‘లిచె’ అయ్యేది. ఎవరి గుర్తు వాళ్లకుండేది. తర్వాతి శతాబ్దాల్లో ఆ కొసన ఉన్న అచ్చు అరిగి రాలిపోయి, అన్నదమ్ములిద్దరూ ఒకే మొహంతో మిగిలారు. ఒక్క అచ్చు! దాన్ని ఎవరైనా జాగ్రత్త చేసి ఉంటే నాకు ఒక సాయంత్రం మిగిలేది. ఇక ఫ్రెండ్లిలీ అంటే ఏమిటి? ఒక స్నేహితుడి మీద రెండు దేహాలు. ఎర్రగీత గీయక కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది?

వ్యాకరణ పుస్తకాలు దీనికో పరిష్కారం చెబుతాయి. ‘స్నేహపూర్వకమైన పద్ధతిలో’ అని అర్థం వచ్చేలా నాలుగు మాటలు పేర్చమంటాయి. పేర్చాను. చదివితే పంచనామాలా ఉంది. సదరు కుర్రాడి దగ్గర స్నేహాన్ని సాక్షుల సమక్షంలో స్వాధీనం చేసుకున్నట్టు ఉంది.

ఇక మిగిలిన అభ్యర్థులను పిలిచాను. చీర్‌ఫుల్లీ ముందుగా వచ్చింది. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘చీర్’కి మొదట ఉన్న అర్థం ముఖం. కాబట్టి ఈ మాట కుర్రాడి ముఖం వరకే పూచీ పడుతుంది, లోపలి సంగతి దానికి పట్టదు. జోవియల్లీ ఏకంగా జాతకం పట్టుకుని వచ్చింది. జూపిటర్, అంటే మన గురుడు, ప్రభావంలో పుట్టినవాళ్లు ఉల్లాసంగా ఉంటారన్న పాత నమ్మకం దాని పుట్టుక. నివేదికలో గ్రహబలం రాస్తే జీతం పెంచే బదులు శాంతి చేయించమంటారు. కార్డియల్లీ లాటిన్ ‘హృదయం’ నుంచి పుట్టిందే, కానీ శుభలేఖల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లను పిలిచి పిలిచి ఆ హృదయం ఎప్పుడో అచ్చుయంత్రమైపోయింది.

హ్యాపిలీ అంటే మాత్రం నాకు నిజంగానే భయం. వాక్యం చివర ఉంటే, ‘ఆయన సంతోషంగా పోయాడు’ అని. అదే మాటను మొదటికి జరిపి పక్కన కామా పెడితే, ‘అదృష్టం బాగుండి ఆయన పోయాడు’ అని. మనిషి అదే, చావు అదే. మొదటిది సంతాప సందేశం, రెండోది ఆస్తి తగాదా.

అసలు ముద్దాయి కైండ్లీ. అర్థం ‘దయగా’. దయ ఎక్కడుందో నోటీసుల్లో వెతకండి. కైండ్లీ బయట నిలబడండి, కైండ్లీ బకాయి కట్టండి. పళ్లు బిగపట్టి రాసే చోటల్లా ఈ మాటే. పైగా దీనికీ చోటు పట్టింపు ఉంది. క్రియ తర్వాత పెడితే మాట తీరులో దయ ఉన్నట్టు, క్రియకు ముందు పెడితే మాట్లాడటమే దయ అయినట్టు. నేను ముందు పెట్టాను. ‘అందరితో మాట్లాడే దయ చూపిస్తాడు’ అని అర్థం వచ్చి, కుర్రాడు జమీందారైపోయాడు. (మనం మరీ నీతులు చెప్పే స్థితిలో లేమని ఇక్కడ ఒప్పుకోవాలి. గుమ్మంలో ‘దయచేయండి’ అంటే లోపలికి రమ్మని, ముందు ‘ఇక’ చేరిస్తే బయటికి పొమ్మని. తెలుగును విచారణ పరిధి నుంచి మినహాయించాలని నా విజ్ఞప్తి.)

రాత్రి పదిన్నరకు లొంగిపోయాను. ‘మాట్లాడతాడు’ కొట్టేసి, కుర్రాడు ఫ్రెండ్లీ అని మాత్రం రాసి పంపేశాను. మర్నాడు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

‘చాలా సంతోషం సార్. కానీ మాట్లాడతానని ఎక్కడా రాయలేదు. మూగగా కూర్చుంటానని పైవాళ్లు అనుకోరు కదా?’ అన్నాడు.

ఎలా అన్నాడో ఇంగ్లీషులో చెప్పాలంటే నాకు మళ్లీ ఆ నాలుగు మాటలే కావాలి.