సంతోషానికి కాలువ, ఏడుపుకు గుర్రపుడెక్క

మా చర్చి సంఘ కమిటీ పోయిన నెల నాకొక బరువైన పని అప్పగించింది. విశ్వాసులు ఎప్పుడు సంతోషించాలి, ఎంతసేపు ఏడవాలి, కోపం వస్తే ఏ తూము గుండా బయటికి వదలాలి అనే విషయాలపై నిబంధనలు రాసి ఇవ్వమన్నారు. అంతమందిలో నన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. నేను నీటిపారుదల శాఖలో లాకుల దగ్గర 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. గోదావరి నీళ్లకు గేట్లు వేసి తీసినవాడికి ఆడవాళ్ల కన్నీళ్లు ఒక లెక్కా అన్నది కమిటీ అభిప్రాయం. కమిటీలో ఆడవాళ్లు లేరు.

పనిలోకి దిగే ముందు సర్వే చేయడం మా శాఖ పద్ధతి. అందుకని నాలుగు ఆదివారాలు గుడి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవారినల్లా "బాగున్నారా?" అని అడిగాను. అందరి నోటా ఒకటే జవాబు: "ప్రభువు కృప వల్ల బాగున్నామండి." పుస్తెలు బ్యాంకులో తాకట్టు ఉన్నావిడ బాగుంది. కామెర్లతో కళ్లు పచ్చబడినాయన బాగున్నాడు. కూతురిని పుట్టింట్లో దింపి అల్లుడు పత్తా లేకుండా పోయిన కుటుంబమైతే మరీ బాగుంది, తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి చెప్పారు. ఒక్క కుర్రవాడు మాత్రం తప్పు చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం పోయి వచ్చినవాడు, "బాగాలేదండి" అన్నాడు. వెనకున్న వరుస మొత్తం లాకులో ఇరుక్కున్న పడవలా ఆగిపోయింది. పాస్టరు అయ్యగారు వాడి నెత్తిన చేయి వేసి ప్రార్థించారు. ఒక పెద్ద, "ప్రభు భోజనపు బల్లలో చేయి వేసి ఎన్నాళ్లయింది నాయనా?" అని మెల్లగా విచారించారు. మరుసటి ఆదివారానికి వాడు కూడా బాగుపడ్డాడు.

సంతోషం విషయంలో మాకు లోటు లేదు. దానికి మంచి కాలువ ఉంది, పేరు సాక్ష్యం. మా ఊళ్లో రొయ్యల చెరువులున్న ఒక సహోదరుడు ఈ కాలువకు ఆయకట్టుదారుల్లో మొదటివాడు. రేటు పెరిగిన వారం వేదికెక్కి, వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ధర దగ్గర మొదలుపెట్టి, దేవుని మేలులను టన్నుల్లో వివరిస్తాడు. ఆమధ్య ఆయన పక్క చెరువుకు తెల్లమచ్చల వ్యాధి తగిలింది. "దేవుడు అతనితో మాట్లాడుతున్నాడు" అన్నాడు సహోదరుడు, చాలా బాధగా. పది రోజులకు అదే వ్యాధి గట్టు దాటి ఈయన చెరువులోకి వచ్చింది. ఈసారి అది సాతాను శోధన. రొయ్య ఒకటే, వ్యాధి ఒకటే, మధ్యలో ఉన్నది మూడడుగుల గట్టు. అయినా పంపినవారు వేరువేరు. ఇంత సున్నితమైన తేడాను కనిపెట్టగల పరీక్ష మత్స్యశాఖవారి దగ్గర కూడా లేదు.

కోపాన్ని మావాళ్లు మరీ నేర్పుగా వదులుతారు. మామూలు ఇళ్లలో అత్తాకోడళ్లు ఎదురెదురుగా తిట్టుకుంటారు. మా ఇళ్లలో కళ్లు మూసుకుని, ఆకాశం మీదుగా తిట్టుకుంటారు. కుటుంబ ప్రార్థనలో అత్తగారు, "ప్రభువా, పొద్దెక్కేదాకా పడుకునే వారికి మెలకువ దయచేయి తండ్రీ" అని మొదలుపెడుతుంది. కోడలు తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టి, "నా నోటికి కావలి యుంచమని దావీదు అడిగినట్టే, ఈ ఇంట్లో పెద్దవారి నోటికి కూడా కావలి యుంచుము తండ్రీ" అంటుంది. మగవాళ్లు ఇద్దరికీ ఆమేన్ చెబుతారు. ఇక అసూయకు వేరే తూము ఉంది, దాన్ని ప్రార్థన అంశం అంటారు. "ఫలానా వారి అమ్మాయి గురించి భారంగా ప్రార్థించండి, వివరాలు అడగకండి" అని ఒకరంటే చాలు. రెండో ఉపవాస కూడికకల్లా వివరాలు వాటంతట అవే వస్తాయి.

ఇక్కడ కొంచెం మా శాఖ సంగతి చెప్పాలి. నర్సాపురం వైపు బౌడెన్, బీర్ దొరలు సువార్త పనికి వచ్చింది 1836లో. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే ఈ డెల్టాకు కాలువ నీళ్లకంటే దేవుని వాక్యమే 16 ఏళ్ల ముందు వచ్చింది. ఈ లెక్క చెప్పినప్పుడల్లా మా అయ్యగారు స్తోత్రం అంటారు. అయితే నీళ్లు తేవడం సగం పనే, తెచ్చిన నీళ్లు పోవాలి కూడా. డెల్టా భూమి బల్లపరుపు. వాన పడితే నీళ్లు ఎటు పోవాలో వాటికే తెలియదు. అందుకే పంట కాలువ ఉన్నచోటల్లా మురుగు డ్రెయిన్ ఉంటుంది. కాలువకు నీళ్లు వదిలే రోజు పెద్దలు వచ్చి పసుపు, కుంకుమ, పూలు చల్లి ఫొటో దిగుతారు. డ్రెయిన్ దగ్గర ఫొటో దిగినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. అక్కడ గుర్రపుడెక్క అనే నీటి కలుపు మాత్రం దిగుతుంది. పైకి ఊదారంగు పూలతో ఎంతో అందంగా ఉంటుంది, కింద నీరు అంగుళం కదలదు. ఆ తర్వాత చేను మునుగుతుంది. కోనసీమ రైతులు 2011లో పంట వేయబోమని విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కష్టాల్లో ఈ ముంపు కూడా ఒకటి.

ఈ సంగతి కమిటీలో చెప్పి, మన సంఘంలో మురుగు డ్రెయిన్ ఎక్కడుందని అడిగాను. విశ్వాసిలో మురుగు ఉండదు కాబట్టి డ్రెయిన్ అవసరం లేదని తీర్మానించారు. దుఃఖాన్ని నిషేధించే నిబంధనకు వాక్యాధారం వెతికే పని కూడా నా మీదే పడింది.

వెతికాను. చెప్పడానికి విచారంగా ఉంది కానీ, పరిశుద్ధ గ్రంథం మా కమిటీకి ఏ మాత్రం సహకరించడం లేదు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాట దొరికినప్పుడు ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే ఆ ఉత్తరం రాసిన పౌలు సంకెళ్లలో ఉండి రాశాడు. వంద కౌంట్ రేటు పెరిగిన వారం రాసినది కాదు. కీర్తనలు తిరగేశాను. 150లో మూడో వంతుకు తగ్గకుండా మొరలూ, ఫిర్యాదులే. నన్ను ఎన్నాళ్లు మరచిపోతావని ఒకచోట కీర్తనకారుడు దేవుణ్ణే నిలదీస్తాడు. 88వ కీర్తన చివరికి వచ్చేసరికైనా సర్దుకుంటాడేమో అనుకుంటే, చీకటి తప్ప చుట్టాలెవరూ మిగల్లేదని చెప్పి అక్కడితో ఆపేశాడు. ఒక స్తోత్రం లేదు, ఒక హల్లెలూయ లేదు. ఇలాంటి సాక్ష్యానికి మా వేదిక మీద మైకు ఇవ్వరు.

ఏలీయా సంగతి ఇంకా ఇబ్బందికరం. అంతటి ప్రవక్త చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నన్ను చంపెయ్యి అన్నాడు. దేవదూత వచ్చినప్పుడు విశ్వాసం గురించి గట్టిగా ఒక ప్రసంగం చేయాలి కదా! రొట్టె, నీళ్లు పెట్టి లేచి తినమంది. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి వచ్చి మళ్లీ తినమంది, నీ శక్తికి మించిన ప్రయాణం ఉందని చెప్పింది. అంతే. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మాత్రం కొంత ఆశ చూపించారు. ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు, ఆ ఏడు రోజులూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిదో రోజు కమిటీ మొదలైంది. లాజరు సమాధి దగ్గరికి వస్తే, కాసేపట్లో అతణ్ణి లేపబోయే ప్రభువే ముందు కన్నీళ్లు విడిచాడు. ఈ వచనాన్ని ఏ నిబంధన కింద రాయాలో తెలియక, చిన్న వచనమే కదా అని పక్కన పెట్టాను.

నివేదిక రాస్తున్న రోజుల్లోనే మా వీధిలో ఒక ఆదరణ కూడిక జరిగింది. కువైట్ వెళ్లిన కొడుకు పెట్టెలో తిరిగి వచ్చాడు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తల్లి నేల మీద చాప వేసుకుని కూర్చుంది. మా సంఘపెద్ద ముప్పావుగంట ఆదరించారు. "మీ అబ్బాయి మహిమలో ఉన్నాడమ్మా, ఏడిస్తే నిరీక్షణ లేనివారిలా ఉంటుంది, పదిమందిలో సాక్ష్యం పాడవుతుంది" అన్నారు. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఒకసారి గొంతు దాటి బయటికి వచ్చింది. వెంటనే పెద్ద సైగ చేశారు, కీబోర్డు కుర్రవాడు పాట అందుకున్నాడు, స్పీకరు శబ్దం పెంచారు. నేను పుస్తకంలో, "అదుపులో ఉంది" అని రాసుకున్నాను.

పాట మధ్యలో చివరి వరుస నుంచి ఒక ముసలావిడ లేచింది. ఇంటింటికీ తిరిగి చేపలు అమ్ముకునే మనిషి. తట్ట గోడకు ఆనించి వచ్చి, చాప మీద ఆవిడ పక్కన చతికిలబడి, మెడ చుట్టూ చేయి వేసి, "నా తండ్రీ, నా బంగారు తండ్రీ, ఎక్కడికి పోయావురా" అని శోకాలు పెట్టింది. కీబోర్డు ఆగిపోయింది. తల్లి చెంగు తీసేసింది. అలా ఎంతసేపు ఏడ్చారో నా గడియారం ప్రకారం రాసుకున్నాను కానీ ఇక్కడ వేయడం లేదు. జనం కాఫీలు తాగి వెళ్లిపోయాక ముసలావిడ లోపలికి వెళ్లి, గిన్నెలో పెరుగన్నం కలుపుకుని వచ్చింది. వద్దని తల తిప్పుకుంటే ముద్ద చేసి నోటికి అందించి, "తినమ్మా, రేపు కూడా ఏడవాలి కదా, ఒంట్లో ఓపిక ఉండాలి" అంది.

క్రమశిక్షణ ఉల్లంఘన ఒకటి అని రాసుకున్నాను. ముసలావిడది ఏ సంఘమని విచారిస్తే ఎవరికీ తెలియలేదు. ఆవిడకు నోటీసు ఏ చిరునామాకు పంపాలో కమిటీ ఇంకా తేల్చలేదు.

ఇక మిగిలింది కోపం నిబంధన. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవకూడదని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది. ఏ రోజు సూర్యుడన్నది మాత్రం స్పష్టంగా లేదు. ఇది నాకు వ్యక్తిగతంగా అవసరమైన అంశం. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరంతా నేలకూలినప్పుడు, మా తమ్ముడి చేలోని చెట్టు ఒకటి గట్టు దాటి నా చేలో పడింది. మొదలు అతని వైపు, తల నా వైపు. కాయలు ఎవరివన్న దగ్గర మాట మాట పెరిగింది. ఆ రోజు నుంచి ఇద్దరం మాట్లాడుకోలేదు. చెట్టు ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయింది. లెక్క కడితే అప్పటి నుంచి 10,000కు పైగా సూర్యాస్తమయాలు గడిచాయి. ప్రతి నెలా బల్ల దగ్గర ఒకే రొట్టెలోంచి ఇద్దరం తుంచుకుంటూనే ఉన్నాం. నేను కుడివైపు వరుస, అతను ఎడమవైపు వరుస.

నిబంధనలు రాసేవాడే మాదిరిగా ఉండాలి కదా అని, మొన్నటి ఉపవాస కూడికలో నేనే ఒక ప్రార్థన అంశం చీటీ మీద రాసి ఇచ్చాను: "ఒక సహోదరుని కఠిన హృదయం మెత్తబడునట్లు." పేరు రాయలేదు, అది నా మర్యాద. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని నా చీటీ చదివారు. తర్వాత ఇంకో చీటీ తీసి చూసి, కాసేపు ఆగి, ఇదే అంశం ఇంకొకరు కూడా ఇచ్చారు కాబట్టి రెండూ కలిపి ప్రార్థిద్దాం అన్నారు. గుడిలో ఉన్నవాళ్లంతా ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు చూశారు.

ఆమేన్ మాత్రం ఇద్దరమూ గట్టిగానే చెప్పాం.