బెంచ్‌మార్క్ చార్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బెంచ్‌మార్క్ చార్టు గారికి,

ఉభయకుశలోపరి. ఉభయ అన్నది మాటవరసకే. కుశలం తమరిదే, నా పర్సుది కాదు.

ప్రాసెసర్ల వేగాన్ని గీతలుగా పోల్చి చూపే తమరి పటంలో కొత్త ప్రాసెసర్‌ది బారెడు గీత, నా పాతదానిది జానెడు. అది చూసిన రాత్రి నిద్ర పడితే ఒట్టు! తెల్లారేసరికి ఆర్డర్ పెట్టేశాను. తీరా వచ్చాక అది పాత మదర్‌బోర్డులో కూర్చోదన్నారు. బోర్డు మార్చాను. కొత్త బోర్డుకి కొత్తరకం డీడీఆర్5 ర్యామే పడుతుందన్నారు. నిక్షేపంలాంటి డీడీఆర్4 ర్యామ్ సొరుగులోకి పోయింది. 'కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః' అని ఊరికే అన్నారా? పాత హార్డ్‌డిస్కు మాత్రం అలాగే ఉంచాను. పొదుపు మనిషిని కదా!

ఇంతా చేసి ఆన్ చేస్తే, కంప్యూటర్ ఎప్పట్లాగే ఆవలించి, ఒళ్లు విరుచుకుని, తీరిగ్గా లేచింది. అప్పుడు తెరిచాను, ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్‌ని, అదీ జీవితంలో మొదటిసారి. ప్రాసెసర్ వాడకం 6 శాతం, డిస్కు 100 శాతం. కొత్తల్లుడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, ముసలి మామ ఒక్కడే మూటలు మోస్తున్నాడన్నమాట. మామకి విశ్రాంతినిచ్చి, హార్డ్‌డిస్కు పనే చాలా వేగంగా చేసే చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టాక మెషీన్ పరుగందుకుంది. కొన్నవాటన్నిటిలోకీ చవకైనది అదే. పాత బోర్డుకీ పట్టేదేనట!

పోనీ గేముల్లోనైనా తమరి మాట నిజమవుతుందనుకున్నాను. తమరి గీత కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ముక్క ఉంది: పరీక్ష 1080పీలో (అంటే బొమ్మలో చుక్కలు తక్కువ, కార్డుకి పని తేలిక), బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డుల్లోకెల్లా ఖరీదైనదానితో. ప్రాసెసర్ల తేడా బయటపడాలంటే అలాగే చేయాలట. న్యాయమే. కానీ నా కార్డు నడిపిరకం, ఎప్పుడూ 99 శాతం మీదే రొప్పుతుంటుంది. దాన్ని దాటి కొత్త ప్రాసెసర్ మాత్రం ఏం చేస్తుంది? పైగా నా మానిటర్ 60 హెర్ట్జ్‌ది. తమరు సెకనుకి 200 ఫ్రేములు పంపినా అది చూపించేది అరవయ్యే.

చిత్రమేమిటంటే, నిజంగా మార్చాల్సినవాడు మా అన్నయ్య. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆయన పాత మెషీన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు కాబట్టి విండోస్ 11 రానంటోంది. బ్యాంకు పనులన్నీ ఇంకా అందులోనే. అదేమంటే "బాగానే ఆన్ అవుతోంది కదరా" అంటాడు. ఆయన తమరి ముఖం ఎన్నడూ చూడలేదు. అదృష్టవంతుడు.

సొరుగులో డీడీఆర్4 ర్యామ్ రెండు ముక్కలున్నాయి. తమ ఎరుకలో ఎవరికైనా కావాలంటే కబురు చేయగలరు.

ఇట్లు,
60 హెర్ట్జ్ మానిటర్ యజమాని