బ్లెచ్లీ పార్క్: బంగ్లాను బతికించిన షెడ్లు

ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వెయ్యికి పైగా దొరల ఎస్టేట్ బంగ్లాలు నేలమట్టమయ్యాయి. కొందరు వారసత్వ పన్ను కట్టలేకపోయారు, కొందరికి పనివాళ్లు దొరకలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ రహస్య కోడ్‌లు విప్పిన చోటు, లండన్‌కు వాయవ్యాన ఉన్న బ్లెచ్లీ పార్క్‌కూ అదే గతి పట్టాల్సింది. అందం చూసి కాపాడేంత కట్టడమేమీ కాదది. 1883లో ఎస్టేట్ కొన్న ఫైనాన్షియర్ హెర్బర్ట్ లియాన్ తోచినప్పుడల్లా ఒక్కో ముక్క కలుపుతూ పోయాడు. ఒకవైపు ఇటుక గోడలు, ఇంకోవైపు పచ్చబడ్డ రాగి గుమ్మటం. వెరసి కలగూరగంప.

లియాన్ దంపతులు పోయాక అది ఓ బిల్డర్ చేతికి వచ్చింది. కూల్చి ఇళ్లు కట్టేలోపే, 1938లో బ్రిటన్ గూఢచారి విభాగాధిపతి అడ్మిరల్ హ్యూ సింక్లెయిర్ 6,000 పౌండ్లకు కొన్నాడు. ఆ డబ్బు సొంత జేబులోదే అంటారు. ఆయన్ని లాగింది బంగ్లా కాదు, రైల్వే జంక్షన్. లండన్ మెయిన్ లైనూ, ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ లైనూ అక్కడే కలిసేవి. అదే ఏడాది ఆయన విభాగం మొదటి బృందం ‘కెప్టెన్ రిడ్లీ వేట బృందం’ పేరుతో దిగింది. దొరల బంగ్లాకు వేటకొచ్చామంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

నీళ్ల ట్యాంకు టవర్‌లో వైర్‌లెస్ పెట్టారు. గుర్రాల సాల పక్కన కాటేజీల్లో జర్మన్ కోడ్‌లు విప్పారు. అదీ చాలక ఎస్టేట్ స్థలంలో చెక్క షెడ్లు లేచాయి. ఎనిమిదో షెడ్డులో గణితవేత్త అలన్ ట్యూరింగ్ తన టీ కప్పు ఎవరూ ఎత్తుకుపోకుండా రేడియేటర్‌కు గొలుసుతో కట్టేసేవాడట. 1945 మొదట్లో ఇక్కడా, దీని అనుబంధ కేంద్రాల్లోనూ కలిపి దాదాపు 9,000 మంది పనిచేశారు. వాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లే.

యుద్ధం ముగిశాక టీచర్ల ట్రైనింగ్ కాలేజీ వచ్చింది, టెలిఫోన్ సిబ్బంది శిక్షణా జరిగింది. పాతవాళ్లు మాత్రం నోరు విప్పలేదు, 1970ల దాకా రహస్యం రహస్యంగానే ఉంది. యుద్ధంలో గెలిపించిన ఆ మౌనమే తర్వాత ఈ చోటుకు శత్రువైందని నా అభిప్రాయం. విలువ తెలియని షెడ్డును కూల్చడానికి ఎవరు వెనకాడతారు? 1991లో కూల్చివేత మాట వచ్చినప్పుడు, స్థానిక చరిత్రకారులు పాత ఉద్యోగులను పిలిచి వీడ్కోలు విందు పెట్టారు. వాళ్ల కబుర్లు విన్నాక వీడ్కోలు మాట పక్కకుపోయి ఈ చోటును కాపాడే ట్రస్టు పుట్టింది.

ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. 2023 నవంబరులో ఏఐ భద్రతపై దేశాల సదస్సూ అక్కడే జరిగింది. మ్యూజియం చెప్పే కథంతా ఆ ఆరేళ్ల యుద్ధం చుట్టే తిరుగుతుంది, లియాన్‌ల యాభై ఏళ్లకూ టీచర్ల కాలేజీకీ చోటు తక్కువే. అదొక్కటే నాకు వెలితి. యుద్ధం అయ్యేదాకా నిలిస్తే చాలనుకున్న ఆ చెక్క షెడ్లనే, 2014లో కోట్లు పోసి పాత రూపానికి తెచ్చారు.